నన్ను చూసి తీసిన హెల్మెట్

మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. ఆయన తండ్రి పేరు మీద ఏటిగట్టున ఒక రేవు ఉండేది. ఆ పేరు ఇప్పుడు ఎవరూ వాడరు. మా తాత కాలంలో ఊరి తగువులు కోర్టుకు పోయేవి కావు, మా సావిడికి వచ్చేవి. దొంగతనం చేసినవాణ్ణి బొండకొయ్యలో కాళ్ళు బిగించి ఎండలో కూర్చోబెట్టగలిగిన మనిషి ఆయన. మా నాన్న ఆఖరి మునసబు. ప్రభుత్వం మునసబులను, కరణాలను తీసేసినప్పుడు ఆయన రికార్డుల పెట్టె తాళాలు అప్పగించి వచ్చి, సావిడిలో తన కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే పొద్దుగూకేదాకా లేవలేదు. నాకు గుర్తుంది. ఆ రోజు ఎవరూ రాలేదు.

సావిడి అంటే ఇంటికి ముందు, వీధిని ఆనుకుని ఉన్న పెద్ద పంచ. పన్నెండు టేకు స్తంభాలు, నాపరాళ్ళ నేల. అందులో కుర్చీ ఒక్కటే ఉండేది. వచ్చినవాళ్ళు మెట్ల కింద చెప్పులు విడిచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడేవాళ్ళు. ఎండైనా వానైనా అంతే. నేను దీన్ని గొప్పగా చెప్పడం లేదు, సిగ్గుపడుతూ కూడా చెప్పడం లేదు. అలా ఉండేది.

పొలం కొంత తాతకూ ఆయన తమ్ముడికీ నడిచిన దావాల్లో పోయింది, మిగతాది నాన్న పంతాల్లో పోయింది. నా దాకా వచ్చింది సావిడి, దాని వెనక పైకప్పు కూలిన ఇల్లు. నేను డిప్లొమా చదివి ఫ్యాక్టరీల్లో చేరాను. తరవాత సేఫ్టీ కోర్సు చేసి ఇరవై ఏళ్ళుగా అదే ఉద్యోగం చేస్తున్నాను. పిల్లలు లేరు. నా భార్య పోయి ఆరేళ్ళయింది.

రెండేళ్ళ కిందట జంగారెడ్డిగూడెం అవతల, పామాయిల్ తోటల మధ్య, ఒక మిల్లు కట్టడం మొదలుపెట్టారు. దానికి సేఫ్టీ ఆఫీసరుగా వెళ్ళాను. ఊళ్ళో ఒక జీడిపప్పు కొట్టు మీద గది తీసుకున్నాను. పొద్దున మోటారు సైకిలు మీద సైటుకు వెళ్ళడం, మధ్యాహ్నం కంటైనర్ గదిలో ఒక్కణ్ణే క్యారేజీ విప్పుకోవడం, సాయంత్రం గదికి రావడం. మాట్లాడేవన్నీ ఉద్యోగం మాటలే.

సేఫ్టీ అంటే హెల్మెట్లు, నడుం బెల్టులు అనుకుంటారు చాలామంది. అవి స్టోర్లో దొరుకుతాయి. స్టోర్లో దొరకనిది వేరే ఉంది. పైన పలక కదులుతోందని కూలిపని చేసే మనిషి ఆఫీసరు దగ్గరికి వచ్చి, భయం లేకుండా చెప్పగలగాలి. అలా చెప్పే వాతావరణం ఉన్న సైటులో మనుషులు ఇళ్ళకు చేరతారు. ఈ సంగతి నేను ఎన్నో ట్రైనింగుల్లో నిలబడి చెప్పాను. వినేవాళ్ళు రాసుకునేవాళ్ళు కూడా.

మిల్లు బాయిలరు చుట్టూ పరంజా కట్టే ముఠా మా ఊరి పక్కనుంచి వచ్చింది. మేస్త్రి మా ఊరివాడే. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. అతని తాత మా ఇంట్లో పాలేరు, తండ్రి మా పొలంలో పనిచేశాడు. వాళ్ళది లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. మేస్త్రి మాత్రం చిన్నప్పుడే పొలం పని వదిలి, కట్టడాల వెంట దేశమంతా తిరిగాడు. ఇనప పైపులతో ఎంత ఎత్తయినా కట్టగలడు. అతని కింద ఎనిమిదిమంది.

మొదటి రోజు నేను ఆ వైపు వెళ్ళేసరికి అతను నన్ను గుర్తుపట్టి చేతిలో స్పానరు కింద పెట్టాడు. పసుపు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దణ్ణవండి బాబుగారూ. ఇక్కడున్నారేంటండి తమరు?"

అతని వెనకాల ఎనిమిదిమందీ తీశారు.

"హెల్మెట్ పెట్టుకో" అన్నాను.

"ఆయ్" అన్నాడు. నేను అక్కణ్ణుంచి కదిలేదాకా పెట్టుకోలేదు. నేను రెండోసారి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. మా నాన్న పోయాక నన్ను బాబుగారు అని పిలిచినవాళ్ళు తక్కువ. నా భార్య పోయాక అసలు పిలిచేవాళ్ళే తక్కువ. ఆ రోజు నుంచి రోజుకోసారి, పని ఉన్నా లేకపోయినా, బాయిలరు వైపు వెళ్ళేవాణ్ణి. మేస్త్రి చేను గురించి అడిగేవాణ్ణి, ఊళ్ళో కాలవకు నీళ్ళు వదిలారా అని అడిగేవాణ్ణి. మా నాన్న అతని తండ్రిని 'ఒరేయ్' అనేవాడు. నేను 'ఏమోయ్ మేస్త్రీ' అనేవాణ్ణి. అది నా మంచితనం అనుకునేవాణ్ణి.

అదే సైటులో ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్లు ఉన్నారు. వాళ్ళు నన్ను చూసి హెల్మెట్ తీసేవాళ్ళు కాదు. ఎదురుగా వచ్చి ఆపి, వచ్చీరాని తెలుగులో నిలదీసేవాళ్ళు. నిచ్చెన మెట్టు విరిగి రెండు రోజులైంది సారూ, నువ్వు చూడలేదా అనేవాళ్ళు. వీళ్ళకు పెద్దంతరం చిన్నంతరం లేదని నాకు కోపం వచ్చేది. నిచ్చెన మాత్రం మార్పించేవాణ్ణి.

కంటైనరు గోడకు ఒక చీటీల పెట్టె తగిలించి ఉంచాను. ప్రమాదం తప్పిపోయిన సంగతులు, ప్రమాదం జరిగేలా ఉన్న చోట్లు రాసి అందులో వెయ్యాలి. పేరు రాయక్కర్లేదు. వెల్డర్ల చీటీలతో అది నిండేది. పరంజా ముఠా నుంచి ఒక్క చీటీ కూడా వచ్చేది కాదు. మావాళ్ళ వైపు ఏ గొడవా లేదని ప్రాజెక్టు మేనేజరుతో చెప్పాను. మావాళ్ళు అన్నాను. అతను వేరే రాష్ట్రాల్లో చదివి వచ్చిన ముప్పై అయిదేళ్ళ మనిషి. "గుడ్ అండీ" అన్నాడు.

రోజూ పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడడం నా పని. చివర "అర్థమైందా?" అని అడుగుతాను. పరంజావాళ్ళు ఒక్క గొంతుతో "ఆయ్" అనేవాళ్ళు.

ఒక రోజు వెల్డర్లలో పెద్దవాడు అడిగాడు. "సారూ, బెల్టు పెట్టుకున్నారా అంటే ఆయ్ అంటారు. టీ తాగారా అంటే ఆయ్ అంటారు. వీళ్ళు లేదు అనేది ఎప్పుడు?"

అందరూ నవ్వారు, మేస్త్రి కూడా. నేను నవ్వలేదు.

ఒక సోమవారం బాయిలరు దగ్గర వల తనిఖీ చేశాను. పై అంతస్తుల్లో పనిచేస్తున్నప్పుడు పైపో, పైపులను బిగించే క్లాంపో జారితే కిందివాళ్ళ మీద పడకుండా మధ్యలో వల కడతారు. ఎక్కి దగ్గరగా చూడాలి. నాకు మోకాలు నొప్పిగా ఉంది. ఆ నొప్పి నలుగురి ముందు కనిపించడం ఇష్టం లేదు. కింద నిలబడి, తల ఎత్తి చూసి, "వల బాగుంది" అన్నాను. మేస్త్రి పక్కనే, హెల్మెట్ చంకలో పెట్టుకుని ఉన్నాడు. "ఆయ్" అన్నాడు. నేను సంతకం పెట్టాను.

గురువారం పదిగంటల వేళ మళ్ళీ ఆ వైపు వెళ్ళాను. మేస్త్రి కాస్త దూరంగా, రేకుల నీడలో క్లాంపులు లెక్కపెడుతున్నాడు. నేను బాయిలరు మూల దగ్గర ఆగి, "ఏమోయ్ మేస్త్రీ" అని పిలిచాను. అతను ఒక్క క్షణం పైకి చూశాడు. తరవాత వచ్చాడు. నాలుగడుగుల దూరంలో నిలబడి హెల్మెట్ తీశాడు.

కాలవకు నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారట అని అడిగాను. అతను జవాబు చెబుతున్నాడు. పైన ఎవరో కేకేశారు. పైనుంచి జారిన క్లాంపు ఒకటి వల చిరుగులోంచి దిగి అతని ఎడమ చెవి మీద, భుజం మీద పడింది.

అతను పడిపోలేదు, నెమ్మదిగా కూర్చున్నాడు. చంకలో హెల్మెట్ అలాగే ఉంది. మెడ మీదుగా రక్తం చొక్కాలోకి కారుతుంటే నా వంక చూసి, "ఏం లేదండి బాబుగారూ, సిన్న దెబ్బేనండి" అన్నాడు.

సైటు అంబులెన్సులో జంగారెడ్డిగూడెం, అక్కణ్ణుంచి రాజమండ్రి తీసుకెళ్ళారు. ప్రాణానికి ఫరవాలేదని సాయంత్రానికి ఫోను వచ్చింది. ఎడమ చెవి వినపడదని కూడా చెప్పారు.

ఫోను వచ్చేసరికే నేను ప్రమాదం ఫారం నింపేశాను. 'కారణం' అన్న గడిలో 'హెల్మెట్ ధరించకపోవడం' అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేనేజరు చదివి తల ఊపాడు.

"క్లియర్ కేసు కదండీ. రూలు ప్రకారం మేస్త్రి గేటు పాసు క్యాన్సిల్. మేస్త్రి లేనప్పుడు ముఠా ఎందుకు? వేరేవాళ్ళని పిలుద్దాం. రేపు అతని స్టేట్‌మెంటు తీసుకుని పంపించేయండి."

గేటు పాసు ఒకసారి రద్దయితే ఆ మనిషి పేరు మిగతా కంపెనీల గేట్ల దాకా వెళుతుంది. అరవై దాటిన, ఒక చెవి పోయిన మనిషిని తరవాత ఎవరూ పరంజా ఎక్కనివ్వరు. అది నాకు తెలుసు. అలాగే అన్నాను.

మర్నాడు బస్సెక్కి, కొవ్వూరు మీదుగా వంతెన దాటి, రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళాను. మేస్త్రి భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. మేస్త్రి కళ్ళు తెరిచాడు. అతని కుడిచెయ్యి తల మీదికి పోయింది. అక్కడ కట్టు తప్ప ఏమీ లేదు. చెయ్యి కాసేపు కట్టు మీద తడిమి ఆగింది.

"పడుకో" అన్నాను. కాయితం తీశాను. "వల ఎప్పుడు చిరిగింది?"

అతను భార్య వంక చూశాడు.

"సెప్పు" అంది భార్య. "ఇంకా ఏం దాస్తావు?"

"సోమారం నాటికే సిరిగుందండి. మీరు సూసినప్పుడు కూడా. ఆగ్నేయం మూల."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు బాగుందన్నారు కదండి." అతను నా మొహం వంక కాక నా చేతిలో కాయితం వంక చూస్తున్నాడు. "మీరు బాగుందన్నాక, బాలేదని నేనెలా సెప్తానండి, అంతమంది ముందర? కుర్రోళ్ళకి సెప్పాను, ఆ మూలకి ఎవరూ పోవద్దని. కొత్త వల మా మేనల్లుడు పట్టుకొస్తానన్నాడు. గుట్టుగా కట్టేద్దావనుకున్నాను."

"మరి నువ్వెందుకు వచ్చావు ఆ మూలకి?"

"మీరు పిలిచారు కదండి."

నేను కాయితం మీద ఏమీ రాయలేదు. మేస్త్రి భార్య నా వంకే చూస్తోంది. అరవై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ నా ఎదురుగా గొంతు ఎత్తినది కాదు.

"టోపీ ఎట్టుకోలేదని రాసేరంట కదండీ. ఎందుకు తీసేడో కూడా రాసేరా?"

"లేదు."

"మా మావగారు వానలో గోనె కప్పుకుని మీ సావిడి ముందుకొస్తే, గోనె తీసేదాకా మీ తాతగారు మాటాడేవోరు కాదంట. తడిసి జొరమొచ్చి నెల్లాళ్ళు మంచాన పడ్డారంట. ఈ మడిసికి సిన్నప్పుడే నేర్పేరు ఆయన. సావిడోళ్ళు కనబడితే తల మీద ఏదుంటే అది తియ్యాలని."

"ఊరుకోవే" అన్నాడు మేస్త్రి. "బాబుగారితో ఏంటా మాటలు?"

"టోపీ తీసింది నువ్వు, సెవి పోయింది నీది. ఊరుకోవలసింది నేనా?" అంది. తరవాత నాతో, కొంచెం మెల్లగా, "టీ తాగుతారాండి?" అని అడిగింది.

తాగాను.

తిరుగు బస్సులో వంతెన మీద గోదావరి ఎటు ఉందో కూడా చూడలేదు. గదికి వెళ్ళకుండా సైటుకు వెళ్ళి, పాత ఫారం చింపి, కొత్తది తీసుకున్నాను. కారణం గడి చాలక వెనకవైపు కూడా రాశాను. వల సోమవారం నాటికే చిరిగి ఉంది. నేను పైకి ఎక్కకుండా బాగుందని సంతకం పెట్టాను. మేస్త్రికి తెలుసు, నాకు చెప్పలేకపోయాడు. వల కింద నిలబడి అతన్ని పిలిచింది నేను. నన్ను చూసి హెల్మెట్ తీస్తాడని నాకు తెలుసు. నెలన్నర నుంచి చూస్తున్నాను, ఒకసారి తప్ప వద్దనలేదు. అది నాకు నచ్చింది. ఆఖరి వాక్యం ఫారంలో అక్కర్లేదు. అయినా కొట్టెయ్యలేదు.

మేనేజరు రెండుసార్లు చదివాడు.

"ఇదేంటండీ? మీ మీద మీరే కేసు రాసుకున్నారు?"

"జరిగింది రాశాను."

"మర్యాద కోసం హెల్మెట్ తీశాడంటే హెడ్డాఫీసులో నవ్వుతారండీ. పాత ఫారంలో ఉన్నదే మళ్ళీ రాసి పంపిద్దాం. మీకూ మంచిది."

"దాని మీద నా సంతకం ఉండదు" అన్నాను. "కావాలంటే మీరు పెట్టండి."

అతను పెట్టలేదు. కొత్త ఫారమే వెళ్ళింది. హెడ్డాఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. తనిఖీ సంతకాలు నా దగ్గర నుంచి తీసేసి, సామర్లకోట నుంచి వచ్చిన చిన్నవయసు ఇంజనీరుకు ఇచ్చారు. నాకు పొద్దుటి మాటలు, చీటీల పెట్టె మిగిల్చారు. మేస్త్రి గేటు పాసు రద్దు చేయలేదు. ముఠా ఉండిపోయింది.

మెమో వచ్చిన మర్నాడు పొద్దున అందరినీ నిలబెట్టి, నేను రాసింది మొత్తం చదివి వినిపించాను. చదివాక, నన్ను చూసి ఎవరూ హెల్మెట్ తీయకూడదు, నన్ను బాబుగారు అని పిలవకూడదు, నేను బాగుందన్నది బాగా లేకపోతే అక్కడే నా మొహం మీద చెప్పాలి అన్నాను.

"ఆయ్" అన్నారు పరంజావాళ్ళు. వెల్డర్లు ఈసారి నవ్వలేదు.

ఆ తరవాత ఎవరూ తీయలేదు. నేను బాయిలరు వైపు వెళితే ముఠావాళ్ళు పనిలో ఉండిపోయేవాళ్ళు. తల వంచుకుని క్లాంపులు బిగించేవాళ్ళు. హెల్మెట్ తీయకుండా నన్ను ఎలా పలకరించాలో వాళ్ళకు తెలియదు. వాళ్ళు ఏమీ తీయకపోతే వాళ్ళతో ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు. కాలవ నీళ్ళ గురించి అడగబోయి ఆగిపోయేవాణ్ణి. కొన్నాళ్ళకు పని ఉంటేనే వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. పని లేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, తిని, గిన్నె కడిగి, మిగతా గంటంతా కంటైనరు కిటికీలోంచి పామాయిల్ చెట్ల వరసలు చూసేవాణ్ణి.

మూడు వారాల తరవాత పెట్టెలో ముఠా నుంచి మొదటి చీటీ వచ్చింది. సిమెంటు బస్తా కాయితం మీద రాశారు. 'సేఫ్టీ సారు గది ముందర గొయ్యి పూడ్చలేదు. సారు రోజూ దాటతన్నారు. సూడరు.' ఆ మధ్యాహ్నమే పూడ్పించాను. మర్నాడు రెండు చీటీలు, ఆ వారంలో ఇంకో మూడు. ఒకదానిలో, కొత్త ఇంజనీరు కూడా వల కిందనుంచే చూస్తున్నాడని రాసి ఉంది. ఆ చీటీ పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళి, ఇద్దరం కలిసి పైకి ఎక్కాం. మోకాలు నొప్పిగా ఉందని అతనితో చెప్పాను.

ఒక ఆదివారం ఊరు వెళ్ళి సావిడిలో కూర్చుని ఉన్నాను. నెలకోసారి వెళ్ళి ఊడ్పించడం, ఆ కుర్చీలో ఓ పూట కూర్చోవడం నాకు అలవాటు. చర్చి అయిపోయిన వేళకు మేస్త్రి వచ్చాడు. తెల్లచొక్కా, తల చుట్టూ కట్టు, కట్టు మీద ఎండ తగలకుండా తువ్వాలు. మెట్ల కింద చెప్పులు విడిచాడు. తువ్వాలు మీద చెయ్యి పడింది.

"ఉంచుకోండి" అన్నాను.

ఆ 'అండి' నా నోట అతనితో రావడం అదే మొదలు. అతనికి సరిగా వినపడలేదు. కుడిచెవి నా వైపు తిప్పాడు. మళ్ళీ అన్నాను. తువ్వాలు ఉంచుకున్నాడు.

"వచ్చి కూర్చోండి" అన్నాను.

అతను మెట్లెక్కి వచ్చి చుట్టూ చూశాడు. నేనూ చూశాను. ఆ సావిడిలో నేను కూర్చున్న కుర్చీ తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. నాలుగు తరాల్లో ఎప్పుడూ లేదు. నేను లేచి నిలబడ్డాను. అతను కూర్చోలేదు. నేనూ మళ్ళీ కూర్చోలేదు. ఇద్దరం చెరో స్తంభం పక్కన నిలబడి, డాక్టరు ఏమన్నాడో, కట్టు ఎప్పుడు విప్పుతారో మాట్లాడుకున్నాం. వచ్చే నెల నుంచి పనిలోకి వస్తానన్నాడు. పైకి ఎక్కనని, కింద ఉండి చూసుకుంటానని చెప్పాడు.

"ఆయ్" అన్నాను నేను. ఎందుకలా అన్నానో తెలియదు. అతను కొంచెం నవ్వాడు.

అతను వెళ్ళాక కూడా నేను కుర్చీలో కూర్చోలేదు. బస్సు వేళ దాకా నిలబడే ఉన్నాను.

చెప్పినట్టే వచ్చాడు. మొదటి రోజు నేను మెమోల ఫైలు పట్టుకుని బాయిలరు పక్కనుంచి వెళుతున్నాను. వెనక నుంచి కేక వినబడింది.

"ఆగండి! అక్కడ నించోకండి. పైన పని జరుగుతుంది, కనబడట్లేదా?"

మేస్త్రి. హెల్మెట్ తల మీద ఉంది, గడ్డం కింద పట్టీ బిగించి ఉంది. చెయ్యి చాపి, ఎటు వెళ్ళాలో చూపిస్తున్నాడు. మా ఇంటివాళ్ళెవరితోనూ అతని ఇంటివాళ్ళెవరూ ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. నేను వెనక్కి జరిగాను. ఎర్ర రిబ్బను అవతలకు వెళ్ళి, చుట్టూ తిరిగి పోయాను. అతను అప్పటికే పైకి చూస్తూ, ముఠాతో ఏదో అంటున్నాడు. నా వంక మళ్ళీ చూడలేదు. అలా చూడకపోవడమే సరి. సైటులో పని అలాగే జరగాలి, నేను కోరిందీ అదే. గదికి వెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.

మిల్లు పని ఇంకా నడుస్తోంది. చీటీల పెట్టెను వారానికి రెండుసార్లు ఖాళీ చేయవలసి వస్తోంది. సైటులో నన్ను అందరూ సేఫ్టీ సారు అంటారు.

మొన్న వేసవిలో సావిడి విప్పించి అమ్మేశాను. పన్నెండు టేకు స్తంభాలు, దూలాలు, వీధి తలుపులు కొవ్వూరులో పాత కలప కొనే ఆయన తీసుకున్నాడు. నాపరాళ్ళు ఆయనే వేరే లారీలో పట్టుకెళ్ళాడు. కుర్చీ కూడా ఇచ్చేశాను.